పీడన, ప్రణయం, పత్రం: కథలోనూ తెరమీదా అంగీకారపు మాట

ప్రవేశిక

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ‘శాడిస్టు భర్త’ అన్న శీర్షిక పాఠకులకు కొత్త కాదు. అదనపు కట్నం కోసం భార్యను కొట్టినవాడు, అనుమానంతో వాతలు పెట్టినవాడు, గదిలో బంధించి అన్నం పెట్టనివాడు, అందరూ ఆ ఒక్క మాట కిందికే వస్తారు. మార్కీ ద సాద్ (1740–1814) అనే ఫ్రెంచి రచయిత పేరునుంచి పుట్టిన మాట అది అని తెలియకపోయినా శీర్షిక అర్థం కావడంలో లోటేమీ ఉండదు. ఆ మాట అంతగా తెలుగైపోయింది. దానికి జంటగా మనోవైద్యశాస్త్రం తయారుచేసుకున్న ‘మసోకిజం’ మాత్రం పాఠ్యగ్రంథాల గడప దాటి రాలేదు. బాధ పెట్టేవాడికి వాడుకలో పేరుంది. బాధను తానై కోరుకునే మనిషికి వాడుకలో పేరు లేదు.

ఇది పదకోశంలోని చిన్న లోటుగా కనిపించవచ్చు. కాని దీని పర్యవసానం విమర్శలోనూ ఉంది. నేరానికీ కోరికకూ ఒకే మాట వాడినప్పుడు నేరానికి కోరిక రంగు అంటుతుంది, కోరికకు నేరం మచ్చ అంటుతుంది. భార్యను హింసించినవాడు ఒక విచిత్రమైన మనోవ్యాధికి బాధితుడన్నట్టు తోస్తాడు. తన కోరికను ధైర్యంగా ఎదుటివారి ముందు పెట్టిన పాత్ర నేరస్థురాలిలా తోస్తుంది. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే: బాధ ఎంత అన్నది చూడడం, బాధకు ముందూ తరువాతా నడిచిన మాటను చూడకపోవడం.

పరపీడనాసక్తి, స్వపీడనాసక్తి ఇతివృత్తాలుగా గల కొన్ని కథలనూ చిత్రాలనూ ఆ మాట వైపునుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కోరిన బాధను, చేసిన హింసనుంచి వేరుచేసేది దెబ్బ తీవ్రత కాదు. ఎవరు అడిగారు, ఎవరు విన్నారు, అడిగినదాన్ని తిరిగి తీసుకునే వీలు ఉన్నదా లేదా అన్నవే ఆ గీతను గీస్తాయి. మంచి రచనలు ఈ గీత చెరిగిపోయే చోటనే కథను నిలబెట్టాయని ఇక్కడి ప్రతిపాదన.

వామపాద తాడనం

ప్రణయంలో దెబ్బ అనగానే తెలుగు సాహిత్య విద్యార్థికి ముందుగా గుర్తుకు వచ్చేది నంది తిమ్మన పారిజాతాపహరణం. నారదుడు తెచ్చిన పారిజాత పుష్పాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. వార్త విన్న సత్యభామ కోపగృహం చేరుతుంది. అనునయించడానికి వచ్చి పాదాలపై వాలిన భర్త శిరస్సును ఎడమకాలితో తొలగదన్నుతుంది. కవి అక్కడ దేవతలు పూజించే శిరస్సుకు పట్టిన గతిని చూపి, అలిగిన కాంతకు ఉచితానుచితాలు తోచవని సమర్థిస్తాడు. కృష్ణుడు మరో అడుగు ముందుకు వేస్తాడు. ఆ తాపు తనకు మన్ననేనంటాడు. పులకించి నిక్కిన తన రోమాలు ఆమె లేతపాదానికి ముళ్లలా గుచ్చుకున్నాయేమోనని బాధపడతాడు.

ఈ ఘట్టానికి చాటుకథ ఒకటి తోడుగా నడుస్తున్నది. రాయల చిత్తరువు వైపు కాళ్లు చాపి తిరుమలదేవి నిద్రించిందనీ, రాజు అలిగాడనీ, అరణపు కవిగా వచ్చిన తిమ్మన ఆ అలక తీర్చడానికే ఈ కావ్యం రాశాడనీ ఆ కథ చెబుతుంది. చారిత్రకత మాట ఎలా ఉన్నా, పాదతాడనం ఒక సంసారపు ఇబ్బందికి జవాబుగా చదవబడిందని అది తెలుపుతుంది. శ్రీకృష్ణ తులాభారం (1966) చిత్రంలో జమున సత్యభామగా, ఎన్.టి. రామారావు కృష్ణుడుగా ఆ తాపు తెరకెక్కింది. శతాబ్దాలుగా తెలుగువారు మురిసిన దృశ్యమిది.

దీన్ని స్వపీడనాసక్తికి ఉదాహరణగా ఎత్తి చూపడం తేలిక. తేలికైన పని కాబట్టే అనుమానించవలసి ఉంది. కోరికలను జబ్బుల పట్టికగా చూసే అలవాటు పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాది. దాన్ని పదహారో శతాబ్దపు ప్రబంధానికి తొడిగితే కొలత సరిపోదు. అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. సత్యభామ తన్నింది కోపంతో. కృష్ణుడు అందుకున్నది మురిపెంతో. ఒకే తాపుకు ఇద్దరి దగ్గర రెండు అర్థాలు. వాటిలో ఏది నిలుస్తుంది? ఈ ప్రశ్నతోనే తక్కిన రచనల వైపు వెళ్లవలసి ఉంది.

శాస్త్రంలో ‘వద్దు’

వాత్స్యాయనుని కామసూత్రం రెండో అధికరణంలో నఖక్షతాలకూ దంతక్షతాలకూ విడివిడిగా అధ్యాయాలున్నాయి. ఏడో అధ్యాయం ప్రహణనానికీ సీత్కారానికీ, అంటే దెబ్బకూ దానివల్ల వెలువడే ధ్వనికీ కేటాయించబడింది. సంభోగం కలహం వంటిదన్న భావన దానికి ఆధారం. ఆ ధ్వనులను వర్గీకరిస్తూ శాస్త్రకారుడు అమ్మను పిలిచే మాటలను, వారించే మాటలను, విడిచిపెట్టమనే మాటలను, ఇక చాలనే మాటలను కూడా ఆ జాబితాలో చేరుస్తాడు. ‘వద్దు’ అన్న మాట ఇక్కడ నిరాకరణ కాదు, సీత్కారంలో ఒక భేదం.

ఆ ఒక్క వర్గీకరణలో ఎంత ప్రమాదం ఉందో అదే అధ్యాయం చెబుతుంది. దాక్షిణాత్యులలో కనిపించే కొన్ని తీవ్రమైన ప్రహణనాలను ప్రస్తావించి, అవి కష్టకరమూ అనార్యమూ అని వాత్స్యాయనుడు తోసిపుచ్చుతాడు. అందుకు నిదర్శనాలుగా మరణాలను పేర్కొంటాడు. చోళరాజు ఒక ప్రహణనంతో చిత్రసేన అనే గణికను చంపాడు. కుంతల శాతకర్ణి శాతవాహనుడు మరొక ప్రహణనంతో మహాదేవి మలయవతిని చంపాడు. నరదేవుడు గురితప్పి ఒక నర్తకి కన్ను పోగొట్టాడు. రాగవేగంలో ఉన్నవాడు దెబ్బను చూడలేడని చెప్పడానికి, పరుగు వేగంలో గుంటనూ గోతినీ చూడని గుర్రాన్ని పోలికగా తెస్తాడు.

మలయవతి శాతవాహనుల అంతఃపురపు స్త్రీ కావడం తెలుగు పాఠకుడికి కొంత దగ్గరి విషయం. ఆమె గురించి ఈ ఉల్లేఖనంలో పేరూ చావూ తప్ప మరేమీ లేదు. ఆమె వారించిందా అన్నది ప్రశ్న. వారించి ఉంటే, ఆ వారింపును సీత్కారంగా లెక్కించడానికి శాస్త్రం ముందే సిద్ధంగా ఉంది. ఒకే అధ్యాయంలో ‘వద్దు’కు రసార్థం చెప్పిన సూత్రమూ, ఆ అర్థాన్ని నమ్మితే ఏమవుతుందో చూపిన శవమూ పక్కపక్కనే ఉన్నాయి. వాత్స్యాయనుడు ఈ రెంటినీ కలిపి వ్యాఖ్యానించలేదు. కాని రెంటినీ దాచలేదు.

నేటి కాలంలో ఇటువంటి కోరికలను పరస్పర సమ్మతితో తీర్చుకునేవారు ‘వద్దు’ అన్న మాట ఆటలో భాగం కాగలదని గుర్తించి, దానికి బదులు మరో మాటను ముందే ఎంచుకుంటారు. దాన్ని ‘సేఫ్‌వర్డ్’ అంటారు. ఆ మాట వినబడగానే అంతా ఆగిపోవాలి. రెండువేల ఏళ్లకు దగ్గరి పాతదైన శాస్త్రం వదిలిపెట్టిన ఖాళీ సరిగ్గా అదే. తరువాతి కథల్లోనూ విషాదం ఆ ఖాళీలోంచే పుడుతుంది.

ఒప్పందపత్రం

లియోపోల్డ్ ఫాన్ సాకర్-మసోక్ (1836–1895) నవల ‘వీనస్ ఇన్ ఫర్స్’ 1870లో వెలువడింది. కథానాయకుడు సెవెరిన్ తాను ప్రేమించిన వాండాను తనను బానిసగా ఏలుకొమ్మని బతిమాలుతాడు. ఆమె వెంటనే ఒప్పుకోదు. అతడు నచ్చజెబుతాడు, నేర్పుతాడు, ఆమెకు ఉన్నిచర్మపు దుస్తులు తొడిగిస్తాడు. ఫ్లారెన్సుకు చేరాక పత్రం సిద్ధమవుతుంది. అందులో అతడు తన హక్కులన్నీ వదులుకుంటాడు. దానితోపాటు మరో పత్రం కూడా ఉంది: తన జీవితాన్ని తానే ముగించుకున్నట్టు చెప్పే లేఖను అతడు సొంత చేతివ్రాతలో నకలు రాసి సంతకం చేయాలి. మొదటి పత్రం అతని స్వేచ్ఛను ఇచ్చేస్తే, రెండోది అతని చావుకు ఎవరూ బాధ్యులు కాకుండా చేస్తుంది. రచయిత జీవితంలోనూ ఇందుకు పోలిక ఉంది. 1869లో ఆయన ఫానీ పిస్టర్ అనే స్త్రీతో ఆరు నెలల గడువుతో ఇటువంటి ఒప్పందమే రాసుకున్నాడు.

రెండింటి మధ్య ఉన్న తేడా గమనార్హం. జీవితంలోని పత్రానికి గడువు ఉంది. నవలలోని పత్రానికి వెనక్కు దారి లేదు. కథ ఆ తేడామీదనే నడుస్తుంది. చివరికి వాండా తన కొత్త ప్రియుడైన గ్రీకుదేశీయుడి చేతికి కొరడా ఇస్తుంది. ఆ కొరడా సెవెరిన్ కోరుకున్నది కాదు. అతడు రాసిన నాటకంలో అతడు రాయని పాత్ర ప్రవేశించింది. ఆ దెబ్బలతో అతని మోహం వదిలిపోతుంది. హక్కుల్లో, చదువులో, పనిలో పురుషునితో సమానమైననాడు తప్ప స్త్రీ అతనికి సహచరి కాలేదని, అంతవరకు బానిసో నిరంకుశురాలో మాత్రమే కాగలదని అతడు తేల్చుకుంటాడు. ఈ ముగింపును నీతివాక్యంగా తోసేయకుండా చదివితే, సమానులు కానివారి మధ్య ఒప్పందం ఎంత బలహీనమో చెప్పిన మాటగా అది నిలుస్తుంది.

1890లో మనోవైద్యుడు రిచర్డ్ ఫాన్ క్రాఫ్ట్-ఎబింగ్ ఈ రచయిత పేరునుంచి ‘మసోకిజం’ అన్న సంజ్ఞను కల్పించాడు. అప్పటికి సాకర్-మసోక్ జీవించే ఉన్నాడు. రాస్తూ ఉన్న ఒక రచయిత పేరు ఒక జబ్బుకు పేరైంది. ఇక్కడ మారినది పేరు మాత్రమే కాదు, మాట్లాడే అధికారం కూడా. సెవెరిన్ తన కోరికను తానే చెప్పుకున్నాడు, పాఠకుణ్ణి ఒప్పించడానికి ప్రయత్నించాడు. వైద్యగ్రంథంలో ఆ కోరిక ‘రోగి వృత్తాంతం’ అయింది. చెప్పేవాడు ఇప్పుడు వైద్యుడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1924లో రాసిన వ్యాసంలో దీన్ని మూడు విధాలుగా విభజించి, ఒకదానికి ‘స్త్రీత్వ’ విశేషణం చేర్చాడు. ఆశ్చర్యమేమంటే దానికి ఆధారంగా ఆయన చర్చించింది పురుషుల ఊహలను. పీడనను కోరడం స్త్రీ స్వభావమన్న భావనకు ఇటువంటి పారిభాషిక పదాలు ఎంత బలాన్నిచ్చాయో వేరే చెప్పనక్కరలేదు.

సాకర్-మసోక్‌ను తిరిగి సాహిత్యంలోకి తెచ్చిన విమర్శకుడు జిల్ దెల్యూజ్. 1967లో ఆయన చేసిన ప్రతిపాదన ప్రకారం ఈ రెండు ఆసక్తులూ ఒకే నాణేనికి రెండు ముఖాలు కావు. స్వపీడనాసక్తుడికి ఒప్పందం కావాలి, ఎదుటివారిని ఒప్పించాలి, నేర్పించాలి. సాద్ పాత్రలకు ఒప్పందం అక్కరలేదు. వారికి కావలసింది తాము నడిపే వ్యవస్థ. ఇష్టపడి బాధను అందుకునే మనిషి వారికి పనికిరాడు. అందువల్ల రెంటినీ జంటపదంగా కలపడమే పొరపాటని దెల్యూజ్ భావన. తెలుగులో ఒక మాట వచ్చి రెండోది రాకపోవడాన్ని ఈ వెలుగులో చూస్తే, వాడుకభాష తనకు తెలియకుండానే ఆ జంటను విడదీసిందని కూడా అనవచ్చు. విడదీసింది కాని, రెండోదానికి చోటు ఇవ్వలేదు.

చదివి వినిపించిన నిబంధనలు

దెల్యూజ్ చెప్పిన తేడాను తెరమీద నిర్దాక్షిణ్యంగా చూపిన చిత్రం పియెర్ పావ్‌లో పసోలిని తీసిన ‘సాలో’ (1975). సాద్ 1785లో బాస్టీల్ చెరసాలలో రాసిన రచనను పసోలిని ఫాసిస్టు పాలన చివరి నెలల నాటి ఉత్తర ఇటలీకి మార్చాడు. ప్రభువు, మతాధికారి, న్యాయాధికారి, అధ్యక్షుడు అనే నలుగురు అధికారులు యువతీయువకులను పట్టి తెప్పించి ఒక భవనంలో బంధిస్తారు. అక్కడ కూడా పత్రం ఉంది. నిబంధనలు రాసి ఉన్నాయి, అందరినీ నిలబెట్టి చదివి వినిపిస్తారు. కాని ఆ పత్రం మీద బందీల సంతకం లేదు.

చూడడానికి అతి కష్టమైన ఈ చిత్రంలో హింసకు క్రమశిక్షణ ఉంది, వేళలున్నాయి, మర్యాదలున్నాయి. నియమం ఉన్నంతమాత్రాన అంగీకారం ఉన్నట్టు కాదని పసోలిని చూపాడు. ఇది శయ్యాగృహానికి సంబంధించిన చిత్రం కాదు, రాజ్యానికి సంబంధించినది. పత్రికల ‘శాడిస్టు భర్త’కు దగ్గరివాడు సెవెరిన్ కాడు, ఈ నలుగురే. ఇంటి నియమాలు తానే రాసి, తానే చదివి, తానే శిక్షించే పురుషుడు నడిపేది ఒక చిన్న సాలో. అతనికి కావలసినది వైద్యుడు ఇచ్చే పేరు కాదు, చట్టం వేసే శిక్ష.

రాయని ఒప్పందం

పత్రం లేని చోట ఏమవుతుందో జునిచిరో తనిజాకి 1933లో రాసిన ‘షున్‌కిన్‌షో’ చూపుతుంది. ఒసాకా వర్తకుల ఇంట పుట్టిన షున్‌కిన్ బాల్యంలోనే చూపు కోల్పోతుంది. ఆమెను చేయిపట్టి సంగీతపాఠాలకు తీసుకువెళ్లే సేవకుడు సాసుకె క్రమంగా ఆమెకు శిష్యుడవుతాడు, ఆమె ఇంట్లోనే జీవితం గడుపుతాడు. ఆమె కోపిష్ఠి గురువు, తిడుతుంది, కొడుతుంది. అతడు ఏడుస్తూనే నేర్చుకుంటాడు. విద్యాబుద్ధుల పేరుతో సాగే శిక్షలో ప్రేమ ఎంత, క్రౌర్యం ఎంత అన్నది తేలదు. ఒక రాత్రి ఎవరో ఆమె ముఖంమీద మరిగే నీళ్లు పోస్తారు. కాలిన తన ముఖాన్ని చూడవద్దని ఆమె సాసుకెను కోరుతుంది. అతడు సూదితో తన కళ్లు పొడుచుకుంటాడు.

‘వద్దు’ అన్న మాట ఇంత సంపూర్ణంగా వినబడిన కథ మరొకటి దొరకడం కష్టం. అయితే తనిజాకి ఆ మెచ్చుకోలుకు పూర్తి అవకాశం ఇవ్వడు. కథకుడికి దొరికిన ఆధారాల్లో ముఖ్యమైనది షున్‌కిన్ గురించిన ఒక చిన్న జీవితచరిత్ర; దాన్ని రాయించినది సాసుకేనని కథకుడి అనుమానం. అంటే ఆమె క్రౌర్యమూ, ఆమె సౌందర్యమూ పాఠకుడికి చేరినది భక్తుడి మాటల్లోనే. కళ్లు పోయాక సాసుకె మనసులో నిలిచినది కాలని ముఖం. ఆమె మాట విన్నాడు, నిజమే. వినడం ద్వారా తన ఊహలోని ఆమెను శాశ్వతంగా దక్కించుకున్నాడు. దాసుడు కూడా స్వామినిని తన ఇష్టప్రకారం మలచుకోగలడు. సెవెరిన్ వాండాను పత్రంతో మలచబోయి ఓడిపోయాడు. సాసుకె సేవతో మలచి గెలిచాడు.

ఎరికా ఉత్తరం

ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోట కలిసే రచన ఆస్ట్రియా రచయిత్రి ఎల్‌ఫ్రీడ యెలినెక్ నవల ‘ది పియానో టీచర్’ (1983). క్రాఫ్ట్-ఎబింగ్ తన చివరి ఉద్యోగకాలం గడిపిన వియన్నా నగరమే దీనికీ రంగస్థలం. ఎరికా కోహుట్ సంగీత కళాశాలలో పియానో బోధకురాలు. ముప్ఫై దాటిన వయసులోనూ తల్లితో ఒకే పడకమీద నిద్రిస్తుంది. ఆలస్యంగా ఇల్లు చేరితే సంజాయిషీ చెప్పుకోవాలి. కొనుక్కున్న దుస్తులకు లెక్క అప్పజెప్పాలి. తండ్రి వదిలిన క్షౌరపుకత్తితో తన శరీరాన్ని తానే కోసుకుంటుంది. శిష్యుడు వాల్టర్ క్లెమర్ ఆమెను ప్రేమిస్తున్నానంటాడు. జవాబుగా ఆమె ఒక ఉత్తరం రాస్తుంది. తనను ఎలా కట్టాలో, ఎలా కొట్టాలో, తాను బతిమాలినా ఎలా పట్టించుకోకూడదో అందులో వివరంగా ఉంటుంది.

ఈ ఉత్తరం సెవెరిన్ పత్రానికి వారసురాలు. కాని ఒక భేదం ఉంది. సెవెరిన్ పురుషుడు, భూస్వామి. అతడు ఆడినది తనకున్న అధికారాన్ని వదులుకునే ఆట. ఎరికాకు వదులుకోవడానికి అధికారమే లేదు. పాఠం చెప్పే గదిలో ఉన్నది తప్ప. పుట్టినప్పటినుంచి తల్లి రాసిన నియమాల్లో బతికిన ఆమె, మొదటిసారి తాను నియమాలు రాస్తున్నది. వాటిని ఆజ్ఞకు లోబడే భాషలో తప్ప రాయడం ఆమెకు రాదు. యెలినెక్ మరో మెలిక కూడా పెట్టింది. అతడు ప్రేమవల్ల ఆ పనులు చేయకుండా ఉంటాడని ఎరికా ఆశిస్తుంది. బాధ పెట్టవద్దన్న వేడికోలు పంక్తుల మధ్య చదవడానికి వీల్లేకుండా ఉండిపోతుంది. రాసినది ఒకటి, కోరినది మరొకటి. క్లెమర్ రాసినదాన్ని చదివి అసహ్యించుకుంటాడు. కొద్దిరోజుల తరువాత ఇంటికి వచ్చి, తల్లిని గదిలో పెట్టి తాళం వేసి, ఎరికాను కొట్టి బలాత్కరిస్తాడు.

మైకేల్ హానెకె ఈ నవలను 2001లో చిత్రంగా తీశాడు. ఆ ఏడు కాన్ చలనచిత్రోత్సవంలో దానికి గ్రాండ్ ప్రీ, ఎరికాగా నటించిన ఇసబెల్ యుపేర్‌కు ఉత్తమ నటి, క్లెమర్‌గా నటించిన బెన్వా మజిమెల్‌కు ఉత్తమ నటుడు బహుమతులు వచ్చాయి. చిత్రంలో ఉత్తరం చదివే ఘట్టం ఎరికా గదిలో, తల్లి లోపలికి రాకుండా తలుపుకు సామాను అడ్డంపెట్టి జరుగుతుంది. అతడు పైకి చదువుతాడు. రహస్యంగా రాసుకున్న కోరిక పరాయి గొంతులో వినబడేసరికి అది ఆమెది కాకుండా పోతుంది. సాకర్-మసోక్ పేరును వైద్యుడు తీసుకున్నప్పుడు జరిగినది ఇదే. క్లెమర్ కూడా ఆమె కోరికకు జబ్బు అని పేరుపెడతాడు.

చివరి దాడిలో అతడు ఆ ఉత్తరంలోని మాటలనే ఆమెకు గుర్తుచేస్తూ కొడతాడు. ఆమె ఆపమని వేడుకుంటుంది. ఆ వేడుకోలును పట్టించుకోవద్దని పత్రంలో తానే రాసింది. ఇక్కడ అంగీకారపత్రం నేరస్థుడి చేతిలో ఆయుధమైంది. ఒకనాడు రాసినది ఏనాటికీ వర్తిస్తుందనీ, ఒకసారి అడిగినవారికి తరువాత వద్దనే హక్కు లేదనీ అతని తర్కం. వాత్స్యాయనుని జాబితాలో ‘వద్దు’కు లేని విలువ వియన్నాలోనూ లేదు.

నవలకూ చిత్రానికీ మధ్య ఒక కీలకమైన తేడా ఇక్కడ తెలుస్తుంది. యెలినెక్ కథనంలో సంభాషణలకు విడి ఉనికి తక్కువ. అందరి మాటలూ వ్యంగ్యంతో నిండిన కథకురాలి గొంతులో కరిగిపోతాయి. ఆ గొంతు ఎరికా దాచుకున్న వేడికోలును పాఠకుడి చెవిలో వేస్తుంది. హానెకె చిత్రంలో ఆ గొంతు లేదు. ప్రేక్షకుడికి ఉన్నది యుపేర్ ముఖం మాత్రమే. ఆమె ఏం కోరుతున్నదో ఆ ముఖంలోనే చదువుకోవాలి. అంటే ప్రేక్షకుణ్ణి దర్శకుడు క్లెమర్ కూర్చున్న చోటే కూర్చోబెట్టాడు. చదవడానికి ఓపిక పట్టాడా, లేక తేల్చేశాడా అన్నదే పరీక్ష. చివర్లో వంటింటి కత్తితో కచేరీకి వెళ్లిన ఎరికా, ఏమీ జరగనట్టు పలకరించి పోయిన క్లెమర్‌ను పొడవదు. తన భుజంలోనే పొడుచుకుని బయటికి నడుస్తుంది. దాన్ని కోరిక తీరడంగా చూడడం కుదరదు. ఆమె మాట వినేవారు ఎవరూ మిగలలేదని మాత్రమే అది చెబుతుంది.

ఇంటి వైపు చూపు

స్త్రీ తన కోరికను రాసినప్పుడు చదివినవారు ఏం చేస్తారన్న ప్రశ్న తెలుగు సాహిత్యచరిత్రకు పరాయిది కాదు. ఇతివృత్తం వేరైనా గతి ఒకటే. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని కందుకూరి వీరేశలింగం అసభ్యమని ఆక్షేపించాడు. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని 1910లో పరిష్కరించి ప్రకటిస్తే మరుసటి ఏడే ప్రభుత్వం చర్య తీసుకుంది. ఆ నిషేధం తొలగడానికి 1947 వరకు వేచి ఉండవలసి వచ్చింది. కావ్యం ఏం అడుగుతున్నదో వినకముందే దానికి పేరు పెట్టడం జరిగింది. క్లెమర్ తొందర ఒక్క క్లెమర్‌ది కాదు.

అర్జున్‌రెడ్డి (2017) విడుదలైనప్పటినుంచి ప్రేమలో చెంపదెబ్బ గురించి తెలుగునాట సాగిన చర్చలోనూ ఇదే గందరగోళం ఉంది. ఘాటైన ప్రేమకు అటువంటి దెబ్బ సహజమని ఒక పక్షం, దెబ్బ ఉన్నచోట ప్రేమ అబద్ధమని మరో పక్షం వాదించాయి. రెండు పక్షాలూ దెబ్బనే చూశాయి. ఆ దెబ్బను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న వేస్తే సమర్థన అక్కడికక్కడే కూలిపోతుంది. కోపంతో పడిన దెబ్బకు తరువాత ప్రేమ అని పేరు పెట్టడం వేరు. ఇద్దరు సమానులు ముందుగా మాట్లాడుకుని, ఆపే మాటను కూడా అనుకుని, ఒక బాధను పంచుకోవడం వేరు. మొదటిదాన్ని ఖండించడానికి రెండోదాన్ని వెక్కిరించనక్కరలేదు. రెండోదాన్ని అర్థం చేసుకోవడానికి మొదటిదాన్ని క్షమించనక్కరలేదు.

ముగింపు

సత్యభామ తాపు దగ్గర ఆగిన ప్రశ్నకు ఇప్పుడు తిరిగి రావచ్చు. ఆ తాపును మన్ననగా చెప్పుకున్నవాడు కృష్ణుడు. ఆ మాటను అలాగే నమ్మితే సత్యభామ కోపం భర్త పులకింతకు సామగ్రి అయిపోతుంది. సాసుకె కథలో షున్‌కిన్ మాయమైనట్టే ఆమె ఫిర్యాదు మాయమవుతుంది. పండితలోకం ఈ ఘట్టాన్ని శృంగార చమత్కారంగా మెచ్చుకున్నప్పుడల్లా కొంతవరకు జరిగినది అదే.

కాని తిమ్మన కావ్యం ఆ చమత్కారం దగ్గర ఆగలేదు. అదే ఘట్టంలో సత్యభామ భర్త ఎదుటే ఏడుస్తుంది. తన్నిన స్త్రీ ఏడ్చిందంటే ఆ తాపు ఆట కాదు, అవమానం పడిన మనసు మాట్లాడిన భాష. ఆమె అలక తీరినది కృష్ణుని పులకింతతో కాదు. పువ్వు కాదు, చెట్టునే తెచ్చి ఇస్తానని అతడు మాట ఇచ్చాకే తీరింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇంద్రునితో యుద్ధం చేయవలసి వచ్చింది. కృష్ణుడు మొదట తాపుకు తన అర్థం చెప్పుకున్నాడు, తరువాత ఆమె అర్థం విన్నాడు. ఆ రెండో పని వల్లనే అతడు క్లెమర్ కాలేదు.

పీడన ఇతివృత్తంగా గల కథను విమర్శకుడు చదివేటప్పుడు వేయవలసిన ప్రశ్నలు దీనివల్ల కొంత స్పష్టమవుతాయి. బాధను అడిగినది ఎవరు, అడగగల స్థితిలో ఉన్నారా, పత్రం రాసినవారికి దాన్ని చింపే హక్కు ఉన్నదా, ఆపమన్న మాటకు కథలో ఎవరైనా చెవి ఒగ్గారా అన్నవి ఆ ప్రశ్నలు. సెవెరిన్ పత్రంలో, ఎరికా ఉత్తరంలో లేనిది కోరిక కాదు, ఆ చివరి హక్కు. మలయవతికి అది శాస్త్రంలోనూ దొరకలేదు. వాడుకలోకి ‘శాడిస్టు’ను తెచ్చుకున్న తెలుగు, ఆ మాటను నేరానికే ఉంచుకున్నా నష్టం లేదు. కోరి అడిగే మనిషికి మాత్రం వేరే మాట వెతకవలసి ఉంది. ఆ మాట దొరికేదాకా, ఎరికా ఉత్తరాన్ని తెలుగులో చదివే ప్రతి పాఠకుడూ పంక్తుల మధ్య ఉన్నదాన్ని కూడా చదవవలసే ఉంటుంది.